బాబుని చేర్చుకోమంటే ముందు సదరం (వైకల్య సర్టిఫికెట్) తెమ్మంటున్నారు, చట్టం నిజంగా ఏమంటోంది?

సింగ్‌నగర్ అమ్మ, విజయవాడ

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా బాబుకి ఎనిమిదేళ్లు నిండాయి. మాట ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు చెప్తాడు, లెక్కలంటే ఇష్టం, కానీ చదవడం రాలేదు. ‘క’కీ ‘గ’కీ తేడా ఈరోజు చెప్తాడు, రేపటికి మర్చిపోతాడు. క్లాసులో పది నిమిషాలు కూర్చుంటే గొప్ప. పక్కన పెద్ద శబ్దం వస్తే చెవులు మూసుకుని బల్ల కిందకి దూరిపోతాడు. రెండేళ్ల కిందట ఒక డాక్టర్ గారు చూసి ఆటిజం లక్షణాలున్నాయి, కొద్దిపాటివే, థెరపీ ఇప్పించండి అన్నారు. ఆ కాగితాలన్నీ 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు బీరువా కింది అరలో నానిపోయాయి, ఒక్క చీటీ మిగిలింది.

ఇన్నాళ్లూ ఇంటి దగ్గరే ఒక ప్రైవేట్ స్కూల్లో చదివాడు. మార్చిలో నన్ను పిలిచి, మిగతా పేరెంట్స్ కంప్లయింట్ చేస్తున్నారమ్మా, టీసీ ఇచ్చేస్తాం, ఇలాంటి పిల్లలకి వేరే స్కూళ్లుంటాయి కదా అన్నారు. ఆ రోజు బాబు నా పక్కనే నిలబడి ఉన్నాడు, వాడికి అర్థమైందో లేదో ఇప్పటికీ తెలీదు. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తారు, థెరపీకి వారానికి రెండుసార్లు డబ్బు కట్టడమే కష్టంగా ఉంది, మళ్లీ పెద్ద ఫీజుల స్కూలు మావల్ల కాదు. సరేనని దగ్గర్లో ప్రభుత్వ స్కూలుకి వెళ్లాను. హెచ్‌ఎం గారు చెడ్డగా ఏం మాట్లాడలేదు, అది నిజంగా చెప్పాలి, కానీ ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరమ్మా, ముందు సదరం తెండి, అప్పుడు చూద్దాం’ అన్నారు. వార్డు సచివాలయానికి వెళ్తే సదరం పరీక్షకి స్లాట్లు ఓపెన్ అయ్యాక చెప్తాం అన్నారు. అంటే అప్పటిదాకా వీడు ఇంట్లోనేనా?

సదరం లేకపోతే స్కూల్లో చేర్చుకోరా, అలా అని రూల్ ఉందా? ప్రైవేట్ వాళ్లు అలా పంపించేయొచ్చా? స్పెషల్ టీచర్ల పోస్టులు రెండు వేలకి పైగా ఇచ్చారని పేపర్లో చూశాను, అవి మా స్కూలుకి వస్తాయా? ఇంకో సంగతి, మా మామగారు సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం ముద్ర పడిపోద్ది, వద్దంటున్నారు. ఇంట్లో రోజూ దీని మీదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

అమ్మా, నేను ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో పనిచేసి, చివరి తొమ్మిదేళ్లు హెచ్‌ఎంగా ఉండి రిటైరైనవాణ్ణి. ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఒకసారి నేను కూడా ఒక తల్లిని ఇలాగే ‘సర్టిఫికెట్ తెచ్చుకోమ్మా’ అని పంపేశాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ రోజు నాకు చట్టం తెలియక కాదు. క్లాసులో యాభై మంది, టీచర్లు ముగ్గురు, ఆ పిల్లాణ్ణి ఎవరు చూస్తారన్న భయం. మీ హెచ్‌ఎం గారిదీ అదే భయం అయ్యుండొచ్చు. అయినా భయం వేరు, రూలు వేరు.

రూలు ఇది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలెవరినీ బడి కాదనకూడదు. చేర్చుకునే ముందు పరీక్ష పెట్టి వడపోయకూడదు, వయసు రుజువు లేదని ఆపకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, ఏడాది మధ్యలో వచ్చినా ఆపకూడదు. 2012లో ఈ చట్టాన్ని సవరించి వైకల్యం ఉన్న పిల్లల్ని కూడా స్పష్టంగా అందులో చేర్చారు. సదరం ఉంటేనే అడ్మిషన్ అన్న షరతు అందులో ఎక్కడా లేదు.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. చాలామంది తికమకపడేది ఇక్కడే, ఎంఈఓలు (మండల విద్యాధికారులు) కూడా. ఆ చట్టంలో 16వ సెక్షన్ వేరు, 31వ సెక్షన్ వేరు. 16 ప్రకారం ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే, గుర్తించిన ప్రతి విద్యాసంస్థా వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్లకి కావలసిన సర్దుబాట్లు చేయాలి. ఇక్కడ శాతం లెక్క లేదు. ‘గుర్తించిన’ అన్న మాట గమనించండి, మీ ప్రైవేట్ స్కూలుకి గుర్తింపు ఉందంటే వాళ్లూ ఇందులోకి వస్తారు. 31వ సెక్షన్ వేరే, అందులో వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, అది దగ్గర్లో ఉన్న మామూలు బడిలోనైనా, ఇష్టపడితే ప్రత్యేక పాఠశాలలోనైనా. అక్కడ సర్టిఫికెట్ కావాలి. పింఛనుకీ సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పరీక్షలో స్క్రైబ్, అంటే పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి, కావాలన్నా కావాలి. చేరడానికి మాత్రం అక్కర్లేదు. ఈ రెండు సెక్షన్లనీ కలిపేసి ‘40 శాతం ఉంటేనే చేర్చుకుంటాం’ అని చెప్పేవాళ్లని నేను బోలెడుమందిని చూశాను.

ప్రైవేట్ వాళ్ల విషయానికొస్తే, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్తుంది, ప్రైవేట్ బడి అయినా సరే. అది తెలుసు కాబట్టే వాళ్లు ‘తీసేశాం’ అని కాగితం మీద రాయరు, టీసీ కోసం మీచేతే అర్జీ రాయించుకుంటారు. మీరు అలా ఏమైనా రాసిచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే బాధపడకండి, అదొక పెద్ద అడ్డం కాదు.

ఒక చిన్న హెచ్చరిక. అదే 2012 సవరణలో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే అవకాశం కోరుకోవచ్చు అని రాశారు. అది పిల్లాడి హక్కు, బడి తప్పించుకోవడానికి ఇచ్చిన దారి కాదు. ఎవరైనా ‘ఇంటి దగ్గరే చెప్పిస్తాం, సంతకం పెట్టండి’ అంటే మీ బాబు లాంటి పిల్లాడికి అది అనవసరం, పెట్టకండి.

భవిత టీచర్, గుంటూరు జిల్లా

మాస్టారు చెప్పింది కరెక్ట్. నేను సహిత విద్యలో (ప్రత్యేక అవసరాల పిల్లల్ని మామూలు బడిలోనే చదివించడం) ఐఈఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా, కాంట్రాక్టు మీద పదకొండేళ్ల నుంచి చేస్తున్నాను (పాతవాళ్లు ఇంకా ఐఈఆర్టీ అనే అంటారు, ఒకటే). అక్కా, మీ హెచ్‌ఎం గారు ‘స్పెషల్ టీచర్ లేరు’ అన్నది అబద్ధం కాదు, చాలా స్కూళ్లలో లేరు. కానీ మండలానికి మేము ఉంటాం. మీరు ముందు ఎమ్మార్సీకి, అంటే ఎంఈఓ ఆఫీసుకి వెళ్లి ‘మా ఏరియాకి ఐఈఆర్పీ ఎవరు, భవిత కేంద్రం ఎక్కడ’ అని అడగండి. ఈ రెండు ముక్కలు అడిగితే చాలు, ఎదుటివాళ్లకి మీకు సంగతి తెలుసని అర్థమైపోతుంది, మాట తీరే మారుతుంది, నిజంగా.

భవిత అంటే చాలామంది వేరే స్కూలు అనుకుంటారు. కాదు. పిల్లాడి పేరు మామూలు స్కూల్లోనే ఉంటుంది, భవితకి మాట కోసం, చేతి కదలికల కోసం, ఫిజియోథెరపీ కోసం వస్తాడు. కాబట్టి ఎవరైనా ‘భవితలో చేర్చండి, మా దగ్గర వద్దు’ అంటే అది తప్పు, స్కూల్లో చేర్చుకుని భవితకి పంపాలి. యుడైస్‌లో, అంటే బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్కలో, ప్రత్యేక అవసరాలు గల పిల్లాడిగా ఎక్కించమని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అందులో ఎక్కని పిల్లాడు పైఆఫీసుల లెక్కలో లేనట్టే, కిట్లు గానీ రవాణా భత్యం గానీ ఎస్కార్ట్ (వెంట తీసుకొచ్చేవాళ్ల) భత్యం గానీ ఆ లెక్క మీదే వస్తాయి. ఆడపిల్లలకైతే నెలకి 200 స్టైఫండ్ కూడా ఉంటుంది, చదివేవాళ్లలో ఆడపిల్లల తల్లులుంటే గుర్తుపెట్టుకోండి.

ఇక పోస్టుల సంగతి. 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్కూలుకీ స్పెషల్ టీచర్లు ఉండాల్సిందే అంది. దాని తర్వాత 2022లో కేంద్రం లెక్క నోటిఫై చేసింది, ప్రైమరీలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. రాష్ట్రాలు కదల్లేదు. 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా అడిగితే, అప్పుడు మన రాష్ట్రంలో 2,260 పోస్టులు మంజూరయ్యాయి, 1,136 ఎస్జీటీ (ప్రైమరీ టీచర్లు), 1,124 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల టీచర్లు). మీరు పేపర్లో చూసింది అవే. మంజూరు కావడానికీ మీ స్కూల్లో మనిషి కుర్చీలో కూర్చోవడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది అక్కా, అది మాకంటే ఎవరికీ ఎక్కువ తెలీదు. మాలాంటి కాంట్రాక్టు వాళ్ల అర్హతలు చూడటానికి స్క్రీనింగ్ కమిటీ వేయమని కూడా కోర్టు అంది, దాని మీద మా గ్రూపుల్లో రోజుకి రెండు వందల మెసేజ్‌లు, సరే ఆ గోల ఇక్కడ ఎందుకు.

కానీ ఒక్కటి ఆలోచించండి. పది మందికి ఒక టీచరు అంటే లెక్కలో పది మంది కనపడాలి. స్కూళ్లు వెనక్కి పంపేసిన పిల్లలు లెక్కలోకి రారు. లెక్కలో లేరు కాబట్టి పోస్టు రాదు. పోస్టు లేదు కాబట్టి మళ్లీ వెనక్కి పంపుతారు. మీ బాబు పేరు రిజిస్టర్లో పడితే అది వాడికొక్కడికే కాదు.

సదరం ముద్ర సంగతి, మామగారికి ఇలా చెప్పి చూడండి. ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది, వాడి నుదుటి మీద ఉండదు. కావలసినప్పుడే చూపిస్తారు. ఒకవేళ డాక్టర్లు చూసి ఇది చదవడం రాయడంలో ఇబ్బంది, అంటే నిర్దిష్ట అభ్యసన వైకల్యం అని తేలిస్తే ఎనిమిదేళ్లకి ఇచ్చింది మళ్లీ 14 ఏళ్లకి, 18 ఏళ్లకి చూస్తారు, అంటే మారని ముద్రేం కాదు. మీ బాబుది ఆటిజమా, అదీ ఇదీ కలిసిందా అన్నది మనం ఇక్కడ తేల్చే విషయం కాదు.

పటమట నాన్న, విజయవాడ

అందరూ చట్టం చట్టం అంటున్నారు, నేను వేరే మాట చెప్తాను, ఏమనుకోకండి మేడమ్. మా పాపకి ఇప్పుడు పదమూడు. మేం కూడా సెక్షన్లు పట్టుకుని పోట్లాడే మామూలు స్కూల్లో చేర్చాం. గెలిచాం. ఆ తర్వాత రెండేళ్లు మా పాప చివరి బెంచీలో కూర్చుంది. కొట్టలేదు, తిట్టలేదు, ఎవరూ పట్టించుకోలేదు, అంతే. మధ్యాహ్నం అన్నం తిని ఇంటికొచ్చేది. ప్రోగ్రెస్ కార్డులో అన్నీ పాసే. ఒకరోజు నోట్‌బుక్ తెరిస్తే మూడు నెలలుగా ఒకే పేజీలో గీతలు. మా ఆవిడ ఆ నోట్‌బుక్ ఇప్పటికీ పారేయలేదు.

తర్వాత స్పెషల్ స్కూలుకి మార్చాం. అక్కడ గుండీలు పెట్టుకోవడం, పది రూపాయలిస్తే చిల్లర లెక్క చూసుకోవడం, బస్సు నంబరు చూసి ఎక్కడం నేర్పారు. మొన్న ఒక్కతే కిందకెళ్లి పెరుగు ప్యాకెట్ తెచ్చింది. నాకు అది ఎమ్సెట్ ర్యాంకు కంటే ఎక్కువ. కాబట్టి హక్కు ఉంది కదా అని పంతానికి పోకండి. చేర్చుకోవడం వేరు, చదువు చెప్పడం వేరు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

మీరు చెప్పింది కాదనను. కాకపోతే మీ పాపకి జరిగింది మామూలు బడి తప్పు అనడం కంటే, బడిలో చేర్చి వదిలేయడం తప్పు అనాలి. చట్టం రెండు దారులూ తెరిచే ఉంచింది, ఎంచుకోవలసింది తల్లిదండ్రులు. ఈమె విషయంలో ఎంచుకుంటున్నది ఆమె కాదు, హెచ్‌ఎం గారు. బాబుకి మాట వస్తోంది, లెక్కలు ఇష్టపడుతున్నాడు. ఎనిమిదేళ్లకే మామూలు పిల్లల మధ్య నుంచి తీసేస్తే ఆ మాట ఎవరితో పెరుగుతుంది? నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

భవిత టీచర్, గుంటూరు జిల్లా

పటమట అన్నయ్య గారు, మీ నోట్‌బుక్ సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అలాంటి నోట్‌బుక్కులు నేను చాలా చూశాను, కొన్ని నా మండలంలోవే. ఒక్కరం అన్ని స్కూళ్లూ తిరుగుతుంటే ఒక పిల్లాడి దగ్గరకి మళ్లీ వెళ్లేసరికి వారాలు అవుతాయి. అందుకే సింగ్‌నగర్ అక్కకి చెప్పేది, చేర్చుకున్నారు కదా అని ఆగిపోవద్దు. ఐఈపీ రాయమని అడగండి, అంటే మీ బాబుకి వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పుతారు అన్న కాగితం. ‘చదవడం నేర్పుతాం’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘దసరా సెలవుల్లోపు పది అక్షరాలు గుర్తుపడతాడు, పదిహేను నిమిషాలు కూర్చుంటాడు, శబ్దానికి భయమేస్తే వెళ్లి కూర్చోవడానికి వరండా చివర మూల’ ఇలా రాయించండి. నెలకోసారి అది పట్టుకెళ్లి ఎంతవరకు వచ్చిందని క్లాస్ టీచర్‌ని అడగండి. గొడవ పడాల్సిన పని లేదు, అడిగితే చాలు, అడిగే అమ్మ ఉన్న పిల్లాడు చివరి బెంచీకి వెళ్లడం కష్టం.

కొత్తపేట కుర్రాడు, ఇప్పుడు డాలస్

మాది గుంటూరు కొత్తపేట, టెక్సస్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం, మా రెండోవాడికి ఆటిజం. అమెరికాలో అంతా బ్రహ్మాండం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ 1975 నుంచే ఫెడరల్ చట్టం ఉంది, ప్రతి పిల్లాడికీ ప్రభుత్వ స్కూల్లో ఉచితంగా, తగిన చదువు చెప్పాలి, ఐఈపీ రాయాలి. మేము రాతపూర్వకంగా పరీక్షించమని అడిగితే స్కూలు 15 బడి రోజుల్లో జవాబివ్వాలి, మేం ఒప్పుకున్నాక 45 బడి రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. గడువు ఉండటమే అసలు బలం, నోటి మాటకి గడువు ఉండదు.

అంత చట్టం ఉన్నా ఈ టెక్సస్ రాష్ట్రం ఏం చేసిందో తెలుసా? 2004లో విద్యాశాఖ చప్పుడు చేయకుండా ఒక లెక్క పెట్టింది, జిల్లాలో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటితే ఆ జిల్లాకి మార్కులు తగ్గుతాయి అని. దేశం సగటు 13 శాతం దగ్గర ఉండేది. దాంతో స్కూళ్లు ఏం చేస్తాయి, ‘మీవాడికి అంత అవసరం లేదులెండి’ అని తల్లిదండ్రుల్ని పంపించేశాయి. 2016లో హ్యూస్టన్ పేపరు ఒకటి బయటపెట్టేదాకా మామూలు జనానికి తెలీదు. 2017లో రాష్ట్ర శాసనసభ ఆ పరిమితిని నిషేధిస్తూ చట్టం చేసింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. అప్పటికి ఆ పిల్లల్లో ఎంతమంది బడి వయసు దాటిపోయుంటారో.

2025లో ఇంకో చట్టం వచ్చింది, ప్రైవేట్ స్కూలుకి వెళ్తే ప్రభుత్వం డబ్బిస్తుంది, వైకల్యం ఉన్న పిల్లలకి ఏడాదికి 30,000 డాలర్ల దాకా. వినడానికి బాగుంది. కానీ ప్రైవేట్‌లో చేరితే ఆ ఫెడరల్ చట్టం ఇచ్చే ఐఈపీ హక్కులు అక్కడికి రావు, వాళ్లు చేర్చుకోవాలన్న బలవంతమూ లేదు. మాస్టారు గారు చెప్పినట్టు మన 2016 చట్టం గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్లని కూడా పట్టుకుంటుంది కదా, ఆ ఒక్క విషయంలో మన చట్టం ఇక్కడికంటే మెరుగ్గా రాశారు. రాశారు అన్నాను, గమనించండి :)

అక్కా, అక్కడైనా ఇక్కడైనా నేను నేర్చుకున్నది ఒకటే, ఏది అడిగినా కాగితం మీద అడగండి.

సింగ్‌నగర్ అమ్మ, విజయవాడ

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, ఏం చెప్పాలో తెలీట్లేదు. మాస్టారూ, టీసీకి నేనింకా ఏమీ రాసివ్వలేదు, కానీ మళ్లీ ఆ స్కూలుకి పంపాలని లేదు, వాడు ఆ వీధి మలుపు దగ్గరే ఏడుస్తున్నాడు. ప్రభుత్వ స్కూలుకి కాగితం ఎలా రాయాలి? నేను ఇంటర్ దాకానే చదివాను, సెక్షన్లన్నీ రాస్తే హెచ్‌ఎం గారికి కోపం వస్తుందేమో. పటమట నాన్న గారు, మీ మాట నేను మర్చిపోను, వాడు ఏమీ నేర్చుకోవట్లేదని తెలిస్తే అప్పుడు మీ దారే.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

తెల్ల కాగితం మీద మీ చేతిరాతతోనే రాయండమ్మా, పెద్ద భాష వద్దు. ‘అయ్యా, మా అబ్బాయి ఫలానా, వయసు 8 ఏళ్లు, మీ పాఠశాల మా ఇంటికి దగ్గర. మూడో తరగతిలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను. బాబుకి మాటలోనూ చదువులోనూ ఇబ్బంది ఉంది. సదరం కోసం ప్రయత్నిస్తున్నాము, రాగానే అందజేస్తాము. సహిత విద్య రిసోర్స్ పర్సన్ గారి సహాయం ఇప్పించగలరు. ఒకవేళ చేర్చుకోవడం కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ ఇంతే. సెక్షన్లు ఒక్కటీ రాయొద్దు. ఆ చివరి వాక్యమే మీ పని చేస్తుంది, చేర్చుకోను అని రాసి కింద సంతకం పెట్టే హెచ్‌ఎం మన రాష్ట్రంలో ఉన్నాడంటే నేను నమ్మను. రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని తెచ్చుకోండి.

అప్పటికీ కాకపోతే ఎంఈఓ, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. దానిపైన విభిన్న ప్రతిభావంతుల కోసం రాష్ట్ర కమిషనర్ ఉంటారు, ఆయనకి విచారణలో సివిల్ కోర్టు అధికారాలుంటాయి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్లో ఉంది. ఇది మీకు తెలిసి ఉండటానికి చెప్తున్నాను, వెళ్లి అక్కడ అనడానికి కాదు. రేపు మీ బాబు కూర్చోబోయేది ఆ మనుషుల దగ్గరే.

సింగ్‌నగర్ అమ్మ, విజయవాడ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. కాగితం ఇచ్చాను. హెచ్‌ఎం గారు రెండుసార్లు చదువుకుని, ‘కారణం రాసివ్వమన్నారేంటమ్మా’ అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ కాళ్లు వణుకుతున్నాయి. అప్పుడు అసలు సంగతి చెప్పారు. స్కూలు గేటుకి గడియ సరిగ్గా పడదంట, బయట మెయిన్ రోడ్డు, పిల్లాడు పరిగెత్తి రోడ్డు మీదకి వెళ్తే ఎవరు సమాధానం చెప్తారు అని ఆయన భయం. ఆ మాట మొదటి రోజే చెప్పుంటే అయిపోయేది కదండీ! మా ఆయన ఆదివారం వెళ్లి కొత్త గడియ వెల్డింగ్ చేయించి వచ్చారు, పైన ఒకటి, కింద ఒకటి. స్టాంపు వేసి రెండో ప్రతి ఇచ్చారు. సోమవారం నుంచి వెళ్తున్నాడు.

ఐఈఆర్పీ మేడమ్ ఫోన్ నంబరు ఎంఈఓ ఆఫీసులో ఇచ్చారు, బుధవారం వచ్చి చూశారు, వాడు ఆవిడ బ్యాగు జిప్పు పదిసార్లు తీసి వేశాడు, ఆవిడ ఏమీ అనలేదు. ఐఈపీ వచ్చే వారం రాస్తాం అన్నారు. క్లాస్ టీచర్ గారు మాత్రం ఇంకా కాస్త ముభావంగానే ఉన్నారు, చూద్దాం. మామగారు సదరానికి ఒప్పుకోలేదు గానీ వద్దని అరవడం మానేశారు, మొన్న ఆయనే సచివాలయం వైపు వెళ్లి స్లాట్ వచ్చిందేమో కనుక్కొచ్చారు. వచ్చే నెలలో దొరికింది.

దానికి ఒక డౌటు. పరీక్ష చేసే రోజు వీడు కొత్త చోట బెదిరిపోయి ఏదీ చెప్పకపోతే ఎలా? ఇంట్లో వందదాకా లెక్కపెడతాడు, బయట నోరు విప్పడు.

భవిత టీచర్, గుంటూరు జిల్లా

చాలా సంతోషం అక్కా, ఆ గడియ సంగతి మా హెచ్‌ఎంలకి కూడా చెప్తాను. సదరానికి పొద్దున్నే వెళ్లండి, కడుపు నిండా తినిపించి, వాడికి ఇష్టమైన వస్తువు ఒకటి చేతిలో పెట్టి. మిగిలిన ఆ ఒక్క చీటీ, ఇప్పటి స్కూల్ రికార్డు, థెరపీ రసీదులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి (ఈసారి పై అరలో!). ఇంట్లో వాడు లెక్కపెట్టేటప్పుడు, బట్టలు వేసుకునేటప్పుడు, గొడవ చేసేటప్పుడు కూడా ఫోన్‌లో వీడియోలు తీసి ఉంచండి, మంచివి మాత్రమే తీయకండి. డాక్టర్ గారికి చూపిస్తాం అని అడగండి, చూసేవాళ్లు చూస్తారు. ఐఈపీ రాసేటప్పుడు గేటు సంగతి, శబ్దం సంగతి అందులో ఎక్కించమని ఆ మేడమ్‌కి గుర్తుచేయండి. రాశాక ఒక కాపీ అడిగి తీసుకోండి, వాళ్లు ఇవ్వడం మర్చిపోతారు, మేమూ మర్చిపోతాం.